నవాబు మూడవ సాలార్‌జంగుగారు – వారు కూర్చిన గృహోపకరణములు

హైదరాబాదు నగరమున మూసీనది దక్షిణపుటొడ్డున వెలసియున్న సాలార్‌జంగు మ్యూజియమును ఎరుగని కుటుంబము మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములలో అరుదు. మన పాఠశాలల బాలబాలికలు ఉపాధ్యాయుల వెంట బారులు తీరి ఆ భవనమును చూచివత్తురు. గంట గంటకును గడియారము లోపలినుండి బొమ్మ వెలికివచ్చి గంట మ్రోగించు వింతను చూచి కేరింతలు కొట్టుదురు. మేలిముసుగు వేసికొన్న రెబెక్కా పాలరాతి ప్రతిమ ముందు పెద్దలును అచ్చెరువంది నిలుతురు. కాని ఐరోపా దేశములనుండి వచ్చిన కుర్చీలు, మేజాలు, బీరువాలు అమర్చిన చోటును మాత్రము జనులు వడివడిగా దాటిపోవుచుందురు. ఇంటిలో దినదినమును చూచు కుర్చీలో వింత యేమున్నదని వారి తలంపు కాబోలు.

అచట కొంత తడవు నిలిచి చూడదగిన కారణములు రెండు కలవు. ఆ వస్తువుల రూపురేఖలలో రెండువందల యేబది సంవత్సరముల క్రిందట ఐరోపాను ఊపివైచిన యొక గొప్ప భావపరివర్తనము చెక్కబడియున్నది. ఇది మొదటి కారణము. వాటిని కొన్న ధనములో కొంత భాగము మన గ్రామములవంటి గ్రామముల రైతులు చెల్లించిన శిస్తునుండి వచ్చినది. ఇది రెండవది. కావున ఆ వస్తువులను కూర్చిన నవాబు మూడవ సాలార్‌జంగుగారి జీవితమును, వారు కూర్చిన గృహోపకరణముల చరిత్రను మన గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున ఒక్కచో చెప్పికొనుట యుక్తముగా నుండును.

సాలార్‌జంగుగారి అసలు పేరు మీర్ యూసుఫ్ అలీఖాన్. వారు 1889వ సంవత్సరము జూన్ 13వ తేదీన పూనా నగరమున జన్మించిరి. వారిది నిజాము రాజ్యమునకు తరతరములుగా దివానుల నిచ్చిన వంశము. నగరమునకు చిరకాలము త్రాగునీరిచ్చిన మీరాలం చెరువు ఆ వంశమునకు చెందిన మీర్ ఆలం పేర వెలసినదే. తాతగారైన మీర్ తురాబ్ అలీఖాన్, అనగా మొదటి సాలార్‌జంగు, 1853వ సంవత్సరమున ఇరువది నాలుగేండ్ల వయస్సున దివానై, 1883లో మరణించు వరకు ముప్పది సంవత్సరములు ఆ పదవి నిర్వహించిరి. అప్పులలో మునిగియున్న రాజ్యమును ఒడ్డునకు చేర్చి, జిల్లాల నేర్పరచి, శిస్తు వసూలును కౌలుదార్ల చేతులనుండి తప్పించి జీతగాండ్రైన ఉద్యోగుల కప్పగించిన ఘనత వారిది. 1876లో వారు ఐరోపా యాత్ర చేసినపుడు రోమునగరమున కొన్నదే పైని చెప్పిన రెబెక్కా ప్రతిమ. వస్తుసేకరణాభిలాష ఆ యింట తాతనుండియే ఆరంభమైనదని దీనివలన తెలియుచున్నది.

తండ్రిగారగు మీర్ లాయక్ అలీఖాన్, రెండవ సాలార్‌జంగు, కొలదికాలము ప్రధానమంత్రిగా నుండి 1889 జూలైలో మరణించిరి. అప్పటికి శిశువు పుట్టి నెల తిరుగలేదు. తండ్రి ముఖము నెరుగని యా పసివానికి ఒక పెద్ద జాగీరు, ఒక గొప్ప పేరు, దివాన్ దేవిడీ యను విశాల భవనసముదాయము దక్కినవి. ఆరవ నిజామగు మహబూబ్ అలీఖాన్ ప్రభువు ఆ జాగీరును సర్కారు పర్యవేక్షణలో ఉంచి బాలుని పెంపకమునకు ఏర్పాట్లు చేయించిరి.

సాలార్‌జంగు జాగీరు ఒక్కచోట నున్నది కాదు. అజంతా, కొప్పళ, కోస్గి మొదలగు తాలూకాలతో అది రాజ్యమంతట చెదరియుండెను. దాని వైశాల్యము దాదాపు 1,480 చదరపు మైళ్లు. గ్రామములు మూడు వందలకు పైబడినవి. ఆ తాలూకాలలో నొకటి మెదకు జిల్లాలోని దుండిగల్. నేడు వైమానిక దళ అకాడమీ ఉన్న ఆ దుండిగల్ మేడ్చల్‌కు పొరుగూరే. మన చెరువుల క్రింద వరి, మెట్టనేలలలో జొన్న పండించి, కళ్లమున ధాన్యము కొలిచి, శిస్తు చెల్లించిన రైతుకు ఆ రూకలలో కొన్ని పారిసు నగరపు మేజాగా మారునని తెలియు అవకాశము లేదు. ఈ సంగతి మనము మరువరాదు. మరల దీనిని ప్రస్తావింపవలసి వచ్చును.

1912వ సంవత్సరమున ఏడవ నిజామగు మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రభువు మహారాజా కిషన్ పర్షాద్ స్థానమున యూసుఫ్ అలీఖానుగారిని ప్రధానమంత్రిగా నియమించిరి. అప్పటికి వారి వయస్సు ఇరువది మూడేండ్లు. ముందు తాతగారికిని ఇంచుమించుగా ఈ ప్రాయముననే పదవి లభించినది. కాని తాతగారికి లభించిన స్వేచ్ఛ మనుమనికి లభింపలేదు. స్వయముగా పాలింప నెంచిన ప్రభువు కాలమున మంత్రిపదవికి బలము తక్కువ. 1914లో సాలార్‌జంగుగారు ఆ పదవిని విడిచిరి. అటుపిమ్మట మరి యే ఉద్యోగమును వారు స్వీకరింపలేదు. వివాహమును చేసికొనలేదు. మిగిలిన ముప్పదియైదు సంవత్సరములు వస్తువులను కూర్చుటయందే గడిపిరి.

రాజ్యతంత్రమునుండి తొలగినవాడు వేటలోనో విలాసములలోనో కాలము పుచ్చుట ఆనాటి ప్రభువర్గమున సామాన్యము. సాలార్‌జంగుగారి వ్యసనము వేరు. వారు విదేశయాత్రలు చేసి స్వయముగా కొన్నవి కొన్ని. దేశవిదేశముల వర్తకులు జాబితాలు పంపగా తెప్పించుకొన్నవి కొన్ని. అమ్మజూపువారు దేవిడీకే తెచ్చిన వస్తువులు మరికొన్ని. వ్రాతప్రతులు, చిత్తరువులు, పింగాణీ పాత్రలు, ఆయుధములు, జంబుఖానాలు, గడియారములు, తుదకు పిల్లల ఆటబొమ్మలును వారు విడువలేదు. దేవిడీలోని గదులు ఒకదాని వెంట నొకటి నిండిపోయినవి. వాటిలో గృహోపకరణములది ప్రత్యేకమగు స్థానము. ఫ్రాన్సు దేశపు రాజులగు పదునాల్గవ, పదునైదవ, పదునారవ లూయీల పేర ప్రసిద్ధములైన శైలులును, చక్రవర్తి నెపోలియను కాలపు శైలియు ఆ సేకరణమున కానవచ్చును.

ఈ శైలుల భేదము తెలియవలె నన్నచో కొంచెము వెనుకకు పోవలెను. పదునైదవ లూయీ కాలమున, అనగా పదునెనిమిదవ శతాబ్ది పూర్వార్ధమున, ఫ్రాన్సు దేశపు వడ్రంగులు వంపు లేని గీత గీయుటకే ఇచ్చగింపరైరి. కుర్చీకాలు మేకకాలివలె వంగి నిలుచును. అంచులు అలలవలె తేలిపోవును. గవ్వలు, తీగలు, పూలగుత్తులు పట్టీలపై ప్రాకును. కుడివైపున నున్న చెక్కడము ఎడమవైపున నుండవలెనను నియమమును లేదు. ఆ సొగసు గొప్పదే కాని, అతిగా తీయనైన పదార్థము త్వరలో వెగటు పుట్టించునట్లు జనులకు దానిపై విసువు కలిగినది.

ఆ సమయముననే ఇటలీ దేశమున నేల త్రవ్వగా రెండు ప్రాచీన నగరములు బయల్వడినవి. వెసూవియస్ అగ్నిపర్వతము క్రీస్తుశకము 79లో బ్రద్దలై బూడిదలో ముంచిన హెర్క్యులేనియమ్ నగరపు త్రవ్వకములు 1738లోను, పాంపేయీ నగరపు త్రవ్వకములు 1748లోను ఆరంభమైనవి. రోమనుల యిండ్లు, గోడలమీది చిత్తరువులు, కంచు దీపస్తంభములు, ముక్కాలిపీటలు ఉన్నవున్నట్లు కంటబడినవి. జర్మనీ పండితుడగు వింకెల్‌మాన్ 1764లో ప్రాచీన కళాచరిత్రమును ప్రకటించి గ్రీకు శిల్పపు నిరాడంబర గాంభీర్యమును కొనియాడెను. వాస్తుశిల్పులు ఇటలీకి పయనమైరి. స్తంభము, త్రికోణపు ముఖభాగము, పూలదండ, పూర్ణకలశము, ఆకుల వరుస – ఇవి మరల ఇండ్లపైకిని, ఇంటిలోని వస్తువులపైకిని వచ్చినవి. దీనినే ఆంగ్లమున నియోక్లాసికల్ శైలి యందురు. మనము నవప్రాచీన శైలి యనవచ్చును.

పదునారవ లూయీ 1774లో సింహాసన మెక్కుటకు ముందే ఈ శైలి ఫ్రాన్సులో పాదుకొన్నది. కాని ఆయన పేరే దానికి స్థిరపడినది. ఈ శైలి కుర్చీని గుర్తుపట్టుట కష్టము కాదు. కాళ్లు తిన్ననివి, క్రిందికి పోనుపోను సన్నమగును, తరిమెన పట్టి నున్నచేసి, గుడిస్తంభమునకు వలె నిలువు గాడులు తీసియుందురు. కాలు చట్రముతో కలియు చోట చదరపు దిమ్మె యుండి దానిపై నొక పువ్వు చెక్కియుండును. వీపు తరచుగా కోడిగ్రుడ్డు ఆకారమున నుండును, కాదేని నలుచదరము. కుడి యెడమలు అద్దములోని బింబమువలె సరిపోలును. బీరువాలును మేజాలును చూడుడు: తలములు చదునైనవి, అంచులు తిన్ననివి, పలుచని విలువైన చెక్క పొరలను ఒకదాని ప్రక్క నొకటి అతికి పూలు, వాద్యములు, గళ్లు దిద్దుదురు, మూలలయందు బంగారు పూత పూసిన కంచు తొడుగులు బిగింతురు.

ఇట్టి పనిలో అగ్రగణ్యుడు రీసనేర్. ఆయన 1734లో జర్మనీలో పుట్టి పారిసు చేరి, తన గురువగు ఓబెన్ 1760లో ఆరంభించి పూర్తి చేయకయే మరణించిన రాజుగారి వ్రాతమేజాను 1769లో పూర్తిచేసి ఒప్పగించెను. కుర్చీలు చేయుటలో పేరొందినవాడు ఝార్జ్ ఝాకబ్. ఒక మేజాకు చట్రము కూర్చువాడొకడు, చెక్కపొర లతుకువాడొకడు, కంచు పోతపోయువాడొకడు, పూత పూయువాడు మరియొకడు. పారిసులో ఈ వృత్తులకు వేర్వేరు సంఘములు, వేర్వేరు కట్టుబాట్లు నుండెను. ఒక్క వస్తువు వెనుక పదిమంది చేతులున్నవని చూచువారు గ్రహింపవలెను.

ఇంగ్లండులో ఈ శైలికి మూలపురుషుడు రాబర్ట్ ఆడమ్. ఆయన 1754 మొదలు 1758 వరకు ఇటలీ మున్నగు చోట్ల సంచరించి, రోమను చక్రవర్తి డయోక్లీషియను శిథిలప్రాసాదమును కొలిచి చిత్రించి, తిరిగివచ్చిన పిదప గోడ, పైకప్పు, తివాసి, కుర్చీ అన్నియు ఒకే భావమున కుదురునట్లు గదులను తీర్చెను. తరువాత హెపుల్‌వైట్ మరణించిన పిదప ఆయన పేర 1788లోను, షెరటన్ పేర 1791 మొదలుగను నమూనాల పుస్తకములు వెలువడినవి. ఈ పుస్తకముల ప్రాముఖ్యము మిక్కిలి గొప్పది. ప్రభువుల యింట మాత్రమే యుండు కుర్చీ రూపము అచ్చుకాగితముపై కెక్కగా, ఏ సామాన్య వడ్రంగియైనను దానిని చూచి చేయ గలిగెను. ఒక చేతిపనిని గ్రంథము దేశదేశములకు వ్యాపింపజేసిన తీరు గ్రంథాలయ ప్రియులు గమనింపదగినది.

ఇంతలో ఫ్రాన్సున 1789లో విప్లవము చెలరేగినది. రాజు, రాణి 1793లో శిరచ్ఛేదము నొందిరి. ఆ సంవత్సరపు ఆగస్టులో వెర్సేల్స్ ప్రాసాదములోని సామగ్రిని వేలము వేయ మొదలిడిరి. వేలము ఒక సంవత్సరము సాగినది. 17 వేలకు పైబడిన సంఖ్యలో వస్తువులు అమ్ముడుపోయినవి. తాను చేసిన వస్తువులు కొన్నింటిని రీసనేరే మరల కొనెనట. కాని ఆ రుచి మారిపోయిన కాలమున వాటిని కొను వారు లేక నష్టపడెను. రాజులు తరతరములుగా కూర్చినది ఒక్క యేడాదిలో దేశదేశముల పాలైనది. నేడు వెర్సేల్స్ అధికారులు ఆ వస్తువులను ఒక్కొక్కటిగా వెదకి మిక్కిలి వెలకు తిరిగి కొనుచున్నారు. సేకరణము చెదరుట యెంత సులభమో, తిరిగి చేరుట యెంత దుర్లభమో దీనివలన తెలియును.

నెపోలియను చక్రవర్తియైన పిమ్మట ఈ శైలియే మరింత బరువై, గంభీరమై ఎంపైరు శైలి యనబడినది. పెర్సియే, ఫాంటెన్ అను ఇరువురు శిల్పులు దానికి రూపకల్పన చేసిరి. ముదురు ఎరుపువన్నె మహోగని చెక్క, విశాలమైన నున్నని తలములు, వాటిపై బంగారు పూత కంచు దండలు, సింహపాదములవంటి కాళ్లు, 1798 నాటి ఈజిప్టు దండయాత్రకు జ్ఞాపకముగా స్త్రీముఖము గల సింహములు – ఇవి దాని గుర్తులు. పదునారవ లూయీ కుర్చీ గృహిణి కూర్చుండుటకు తగినట్లుండగా, ఎంపైరు కుర్చీ సేనాని కూర్చుండుటకు తగినట్లుండును.

ఈ నవప్రాచీన శైలి హైదరాబాదునకు వచ్చుటకు సాలార్‌జంగుగారి పుట్టుకకు ముందే నూరేండ్లకు చేరువగు చరిత్ర కలదు. ఇంగ్లీషు రెసిడెంటగు కర్క్‌పాట్రిక్ కాలమున, 1803లో, కోఠీ యందలి రెసిడెన్సీ భవనమునకు పని యారంభమైనది. మద్రాసు ఇంజనీరుల దళమునకు చెందిన సామ్యుయెల్ రస్సెల్ దానిని నిర్మించెను. ఎత్తైన మెట్లు, ఇరువైపుల సింహములు, ఆకుల బోదెలు గల మహాస్తంభములు, పైని త్రికోణపు ముఖభాగము – ఇవన్నియు గ్రీకు రోమను దేవాలయమును తలపించును. ఆ భవనము తరువాత ఆడుపిల్లల కళాశాలకు నెలవై, 2022లో మహిళా విశ్వవిద్యాలయమైనది. ఫలక్‌నుమా ప్రాసాదమునకు 1884లో పునాది వేసిన వికారుల్ ఉమ్రాగారును ఈ మార్గమునే అవలంబించిరి.

ఆ భవనములలోనికి గృహోపకరణములును అదే శైలిలో రావలసివచ్చినవి. కాని ఐరోపా వస్తువులకు మన యెండలు గిట్టలేదు. వేసవి వేడిమికి జిగురు సడలి, వానకాలపు చెమ్మకు చెక్కపొర ఉబ్బి లేచిపోవును. పట్టు మెత్తలను చెదలును పురుగులును తినును. అందువలన ఇచటి దొరలు ఐరోపా నమూనాల ననుసరించి గట్టి టేకుతోను జిట్రేగితోను కుర్చీలు చేయించుకొని, మెత్తలకు బదులు పేము అల్లించుకొనిరి. శామీర్‌పేట పోవు త్రోవలో నున్న బొల్లారమున 1860 నాటి రెసిడెంటు విడిది నేడు రాష్ట్రపతి నిలయమైనది. సికిందరాబాదు దండునుండి బొల్లారము వరకు బంగళాలు వెలసినకొలది, దొరల కుర్చీలవంటివి చేయుట మన వడ్రంగులకును అలవాటైనది. పాత కచేరీలలోను, పెద్దల లోగిళ్లలోను పేమల్లిన వాలుకుర్చీలు మన తరము వారు పలువురు ఎరిగినవే.

ఇంతకంటె గర్వింపదగిన సంగతి మరియొకటి కలదు. ఐరోపా కుర్చీని అనుసరించుటలోనే గాక, దానికి కొత్త అందము కూర్చుటలోను తెలుగువారు ప్రసిద్ధి కెక్కిరి. పదునెనిమిదవ శతాబ్దిలో విశాఖపట్టణపు కంసాలులు నల్లచేవ, జిట్రేగి చెక్కలలో ఏనుగుదంతమును పొదిగి, కొన్నింటిని నిలువెల్ల దంతపు పలకలతో కప్పి, ఆ దంతముపై సన్నని గీతలు చెక్కి అందు నల్లని లక్క నింపెడివారు. రూపము ఆంగ్లేయ నమూనా పుస్తకములది. తీగలు, పూవులు మన అద్దకపు చీరలను తలపించునవి. మద్రాసు గవర్నరుగా నుండిన అలెగ్జాండర్ వించ్ వద్ద అట్టి కుర్చీలుండగా, ఆయన సొత్తు అమ్మకమునకు వచ్చినపుడు, 1781లో, మూడవ జార్జి రాజు వాటిని రాణి కొరకు కొనెను. పారిసు పనివాని మేజా హైదరాబాదు చేరుటకు ముందే తెలుగు పనివాని కుర్చీ లండను రాజమందిరము చేరినదన్న మాట. సాలార్‌జంగు మ్యూజియములోను దంతపు కుర్చీలు కలవు. అవి పదునారవ లూయీ మైసూరు టిప్పు సుల్తానునకు కానుకగా పంపినవని అచట ప్రతీతి. టిప్పు రాయబారులు 1788లో వెర్సేల్స్‌కు పోయి లూయీని దర్శించుట మాత్రము చరిత్రప్రసిద్ధము.

ఇక సాలార్‌జంగుగారు కొనుచుండిన కాలపు పరిస్థితి యెట్టిది? పందొమ్మిదవ శతాబ్ది నడుమ ఫ్రాన్సు చక్రవర్తిని యూజెనీ, మరణించిన మేరీ ఆంత్వానెత్ రాణిపై మక్కువతో పాత శైలిని మరల ఆదరించినది. పారిసు కార్ఖానాలు పదునారవ లూయీ శైలిలో వేలకొలది కొత్త వస్తువులను చేసి ధనికుల కమ్మినవి. అందుచే ఆ శైలి వస్తువు కనబడిన మాత్రమున అది ఆ రాజు కాలపుదని తలపరాదు. చెక్క ఆరినతీరు, కుసులు బెజ్జములలో ఇమిడినతీరు, సొరుగు లోపలి రంపపు గీతలు, కంచుపై ఆకురాతి గుర్తులు – ఇవి చూచియే నిపుణులు వయస్సును నిర్ణయింతురు. కంటికి కనబడు సొగసుకంటె కనబడని చోటి పనియే పనివానిని పట్టిచ్చును. సాలార్‌జంగుగారు వయస్సు నెంచియే కొనువారు కారు. కంటికింపైనది, కొత్తదైనను పాతదైనను, వారికి సమ్మతమే. వారి సేకరణమునకు గల లోపమును ఇదియే, జీవమును ఇదియే. అది పండితుడు ఏరిన జాబితా కాదు. ఒక మనుష్యుని అభిరుచి.

ఆ అభిరుచికి వెల చెల్లించినదెవరు? పైని వాయిదా వేసిన ఈ ప్రశ్నకు జవాబు చెప్పక తప్పదు. జాగీరు గ్రామములలో బడులు కొద్ది, వైద్యశాలలు అంతకంటె కొద్దియైన కాలమది. వెట్టిచాకిరి తెలంగాణమంతట నలుముకొనియున్న కాలమది. ఆ దినములలోనే, 1901 సెప్టెంబరు 1వ తేదీన, హైదరాబాదులో రావిచెట్టు రంగారావు, కొమర్రాజు లక్ష్మణరావు మొదలగు పెద్దలు చందాలు పోగుచేసి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిరి. ఒకే నగరమున ఒకవైపు దేవిడీలో లక్షల సొత్తు చేరుచుండగా, మరియొకవైపు తెలుగు పుస్తకము చదువుటకొక గది కొరకు జనులు పైసలు కూడబెట్టుచుండిరి. ఈ భేదమును కప్పిపుచ్చుట సాలార్‌జంగుగారి యెడల గౌరవము కానేరదు. అయినను న్యాయము చెప్పవలసియున్నది. ఆనాటి జాగీర్దారులలో శిస్తును దావతులకును, గుర్రపు పందెములకును వ్యయించి నామమాత్రము మిగుల్పని వారు పెక్కురు. వీరు వ్యయించినది మాత్రము వస్తురూపమున నిలిచినది.

అయితే నిలుచునో నిలువదో యను సంశయము వచ్చిన ఘడియ యొకటి కలదు. 1948 సెప్టెంబరులో నిజాము స్వతంత్రపాలన ముగిసినది. 1949 మార్చి 2వ తేదీన సాలార్‌జంగుగారు మరణించిరి. భార్య లేదు, బిడ్డలు లేరు. బంధువులలో హక్కుదారులు పలువురు. ఆ సంవత్సరము ఆగస్టులో జాగీరుల రద్దుకు శాసనము వచ్చినది. దేవిడీ గదులలో కిక్కిరిసిన వేలకొలది వస్తువులకు యజమాని యెవరో తేలలేదు. వెర్సేల్స్ గతియే దివాన్ దేవిడీకి పట్టుటకు అడ్డుపడునది ఏదియు కానరాలేదు. పంపకములు జరిగి, అంగళ్ల పాలై, పదియేండ్లలో ఒక్కటియు మన యూరి వారి కంట బడకుండ పోయెడిదే.

అట్లు కాకుండుటకు కొందరు దూరదృష్టి గలవారు కారకులైరి. ప్రభుత్వము ఎస్టేటునకు ఒక సంఘము నేర్పరచినది. సేకరణమును చెదరనీయక అదే దేవిడీలో ప్రదర్శింపవలెనను ఆలోచనకు ఆనాటి పాలకుడగు వెల్లోడిగారు అండ యైరి. కళావిమర్శకుడగు జేమ్స్ కజిన్స్‌గారు వస్తువులను వర్గములుగా ఏర్పరచి గదులలో అమర్చిరి. 1951 డిసెంబరు 16వ తేదీన ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూగారు మ్యూజియమును ప్రారంభించిరి. 1958లో వారసులు రాజీపత్రముద్వారా సేకరణమును భారత ప్రభుత్వమునకు అప్పగించిరి. 1961లో పార్లమెంటు శాసనము చేసి దానిని జాతీయ ప్రాముఖ్యము గల సంస్థగా ప్రకటించినది. 1968లో రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్‌గారి చేతులమీదుగా మూసీ యొడ్డున కొత్త భవనము ప్రారంభమైనది. నేడు అచట 46 వేలకు పైగా కళావస్తువులు, 8 వేలకు పైగా వ్రాతప్రతులు, 60 వేలకు పైగా అచ్చుపుస్తకములు కలవు. అదియు ఒక విధమున గ్రంథాలయమే.

హక్కు వదలుకొన్న వారసులకును, చెదరనీయని అధికారులకును, చట్టము చేసిన సభకును మనము కృతజ్ఞులము. కాని ఆ గదులలో అడుగిడు దుండిగల్ రైతు మనుమడు పరుల దయచే లోనికి వచ్చితినని తలవంచుకొన పనిలేదు. అతని తాత చెల్లించిన శిస్తు ఆ మేజాల కాళ్లలో కొంత కలిసియున్నది. జాగీర్దారుని దేవిడీ ద్వారము దాటలేని తాతకు మారుగా మనుమడు నేడు టికెట్టు కొని లోనికి పోయి, రాజులకై చేసిన కుర్చీ ముందు నిలిచి దాని గుణదోషములు చర్చింపవచ్చును. సాలార్‌జంగుగారి జీవితములో ఫలించిన భాగము వారి మరణానంతరమే కలిగినదనుట అతిశయోక్తి కాదు.

ఈ వ్యాసము చదివినవారు మరియొకమారు ఆ మ్యూజియమునకు పోయినపుడు రెబెక్కాను, గడియారమును చూచిన పిదప కుర్చీలున్న చోట ఒక పావుగంట ఆగుదురు గాక. కాళ్లు వంపుగా నున్నచో పదునైదవ లూయీ శైలి. తిన్నగా, గాడులు తీసి, క్రిందికి సన్నబడినచో పదునారవ లూయీ శైలి. సింహపాదములు, కంచు దండలు, బరువైన మహోగని కనబడినచో నెపోలియను శైలి. పిల్లలకు ఈ మూడు గుర్తులు చెప్పిన చాలును. మిగిలినది వారి కన్నులే నేర్చుకొనును. ఊరికి తిరిగివచ్చిన తరువాత మన వడ్రంగి పందిరిమంచపు కోళ్లకు తరిమెన పట్టు నేర్పును, తలుపు దిమ్మెలపై చెక్కు పద్మములను అదే శ్రద్ధతో చూతురు గాక. ఆ చేతులకును ఈ చేతులకును దూరమెక్కువ లేదు.

ఇరువదియైదు సంవత్సరములు నిండిన మన గ్రంథాలయములోని బల్లలును బీరువాలును ఏ లూయీ రాజుపేరను చెలామణి కావు. అవి మన యూరి చందాలతో కొన్నవి. వాటిపై నున్న పుస్తకములు చినిగిన అట్టలతో నున్నను అందరివి. అవి చెదరకుండ రాబోవు తరమున కందునట్లు కాపాడు బాధ్యత పాఠకులందరును స్వీకరింతురని ఆశించుచున్నాము.